మీసం మొలవని చోటు

ఏసుపాదానికి చేతిలో పనితనం వచ్చింది. దాని వెనకాలే నోరు కూడా వచ్చింది.

గుంటూరు ఆటోనగర్‌లో జిలానీ ఉస్తాద్ షెడ్డులో చేరినప్పుడు అతనికి ఈ రెండూ లేవు. అక్కడ అందరూ అతన్ని పాదం అని పిలిచేవాళ్ళు. కార్లకి పడ్డ సొట్టలు కొట్టి, పుట్టీ పూసి, వాటర్ పేపరు అనే గరుకు కాగితం తడిపి రుద్ది సాపు చేసేవాడు. కొన్నేళ్ళు అదే పని. చివరికి ఎలా తయారయ్యాడంటే, కళ్ళు మూసుకుని కారు డోరు మీద అరచెయ్యి పోనిచ్చి సొట్ట ఎక్కడుందో చెప్పేసేవాడు. పెళ్ళి భోజనానికి వెళ్ళినా ముందు బల్లని చేత్తో రాసి చూసి గానీ కూర్చోడని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు.

అప్పుడు ఉస్తాద్ అతని చేతికి ఎయిర్ బ్రష్ ఇచ్చాడు.

చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంటుందది. పైన చిన్న గిన్నె, అందులో చుక్క రంగు. వెనక గొట్టంలోంచి కంప్రెసర్ గాలి. మీట కిందికి నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే రంగు వస్తుంది. గీత మొదలుపెట్టేటప్పుడు ముందు గాలి వదలాలి, తర్వాత రంగు. ముగించేటప్పుడు ముందు రంగు ఆపాలి, తర్వాత గాలి. ఇది తిరగబడితే గీత కొసన బొట్టు పడుతుంది. ఈ ముక్క చెప్పడానికి ఎంతోసేపు పట్టదు గానీ చేతికి రావడానికి పాదానికి ఒక ఎండాకాలం పట్టింది. ఉస్తాద్ పాత బానెట్టు ఒకటి ఎండలో పడేసి, గిన్నెలో రంగుకి బదులు నీళ్ళు పోసి ఇచ్చేవాడు. గుంటూరు ఎండకి గీసిన గీత గీసినట్టే ఆరిపోయేది. పాదం మళ్ళీ గీసేవాడు.

అలా నేర్చుకున్నాడు. హెల్మెట్ల మీద గద్దలు, పెట్రోలు ట్యాంకుల మీద పులులు, మంటలు. ఎవరికి ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ. కుర్రకారు బళ్ళు షెడ్డు ముందు వరస కట్టాయి. ఆ తర్వాత మనుషుల ముఖాలు వెయ్యడం మొదలుపెట్టాడు. అక్కడ చెడింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అంటారు. టీకొట్టు దగ్గర నిలబడి పాదం అందరికీ వినపడేలా అనేవాడు.

"ఫోటోదేముంది, ఉన్నది ఉన్నట్టు చూపిద్ది. నేనైతే ఎట్టా ఉండాలో అట్టా చూపిస్తా."

ఉస్తాద్ పక్కనే ఉండేవాడు. వినేవాడు. గ్లాసులో టీ ఊదుకుంటూ ఊరుకునేవాడు.

ఒక రోజు తిరపతమ్మ అనే ఆవిడ వచ్చింది. వెనకాల ఆమె భర్త కోటిలింగం పాత మోటారు సైకిలొకటి తోసుకుంటూ వచ్చాడు. బండి వాళ్ళ కొడుకుది. పేరు వీరబ్రహ్మం. ఏడాది కిందట కామెర్లతో పోయాడు. బండి అమ్మేద్దామని భర్త అంటే ఆమె ఒప్పుకోలేదు. పనికి దాని మీదే వెళ్ళు, కానీ ట్యాంకు మీద వాడి ముఖం వేయించు అంది.

"ముఖాలు మా పాదం వేస్తాడమ్మా. నా కళ్ళకి ఇప్పుడంత ఆనదు" అన్నాడు ఉస్తాద్.

ఆమె కొంగు ముడి విప్పి ఫోటో ఇచ్చింది. ఎవరిదో పెళ్ళిలో తీసింది. గుంపులో చివర నిలబడి, తల కొంచెం పక్కకి తిప్పి నవ్వుతున్నాడు కుర్రాడు.

"ఇదొక్కటే ఉంది బాబూ. ఫోటో అంటే పారిపోయేవాడు" అంది. ఇంకేమీ చెప్పలేదు. వెళ్ళబోతూ ఆగి, "మావాడిలాగా ఉంటే చాలు" అంది.

ఆ వారమే ఉస్తాద్ చీరాలలో కూతురింటికి వెళ్ళాల్సి వచ్చింది. బస్సుకి బయల్దేరుతూ చెప్పాడు.

"క్లియర్ కొట్టేముందు నాకొకసారి చూపించు బేటా."

క్లియర్ అంటే బొమ్మంతా అయ్యాక పైన కొట్టే గాజులాంటి పూత. అది పడ్డాక రంగు వెలవదు, గీరుకుపోదు. మార్చడం కూడా తేలిక కాదు.

పాదం ఆ ఫోటోని సెల్లుతో తీసి, పెద్దది చేసి చూశాడు. అప్పుడు కనిపించింది. కుర్రాడికి పుట్టుకతో గ్రహణం మొర్రి. చిన్నప్పుడే కుట్టించినట్టున్నారు. పై పెదవి ఎడమ పక్క కొంచెం పైకి లాగినట్టుంది. ఆ కుట్టు మీద మీసం మొలవలేదు. గోరంత మేర తెగిపోయి, అవతల మళ్ళీ మొదలైంది.

ఏళ్ళ తరబడి సొట్టలు తీసిన చెయ్యి అది. సొట్ట కనిపిస్తే ఊరుకోలేదు.

పాపం, తల్లి చూసి సంతోషిస్తుంది అనుకున్నాడు పాదం. చూసినవాళ్ళంతా తన చేతిని మెచ్చుకోవాలనీ అనుకున్నాడు. పెదవిని గుండ్రంగా సరిచేశాడు. మీసం ఈ కొస నుంచి ఆ కొసకి నిండుగా, నల్లగా దించాడు. కళ్ళలో మెరుపు పెట్టాడు. జుట్టు మీద వెలుగు పెట్టాడు. అయ్యాక కాస్త వెనక్కి జరిగి చూసుకుంటే తనకే ముచ్చటేసింది. ఉస్తాద్ వచ్చేదాకా ఆగలేకపోయాడు. క్లియర్ కొట్టేశాడు.

తిరపతమ్మ వచ్చే రోజుకి చుట్టుపక్కల షెడ్ల వాళ్ళందరినీ తనే పిలుచుకున్నాడు. ఉస్తాద్ ఆ పొద్దునే ఊరి నుంచి దిగి, సంచీ కూడా లోపల పెట్టకుండా గోడవార స్టూలు మీద కూర్చున్నాడు. అందరి ముందూ పాదం ట్యాంకు మీది గుడ్డ లాగాడు.

"అబ్బో!" అన్నారు జనం.

తిరపతమ్మ చూసింది. కళ్ళజోడు లేకపోవడంతో దగ్గరికి వెళ్ళి చూసింది. చెయ్యి ముందుకు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"చాలా బాగా వేశావు బాబూ" అంది. "సినిమా హీరోలాగున్నాడు."

జనం నవ్వారు. పాదం కూడా నవ్వాడు. కోటిలింగం మాత్రం నేలచూపులు చూస్తున్నాడు. అది చూసి పాదం నవ్వు కొంచెం తగ్గింది.

"బాగాలేదా అమ్మా?" అన్నాడు.

"అయ్యో, బాగుంది బాబూ, నిజంగానే." ఆమె తడుముకుంటూ చెప్పింది. "మావాణ్ణి అందరూ ఇదే అనేవాళ్ళు. ఆ మూతి ఒక్కటీ సరిగ్గా ఉంటే వీడికేం తక్కువ అని. చుట్టాలూ అన్నారు, పిల్లనిస్తామని వచ్చినోళ్ళూ అన్నారు. వాళ్ళ నాయనమ్మైతే, గ్రహణం నాడు ఏం కోశావే అని పోయేదాకా నన్ను అడగతానే ఉంది. వాడు వినీ వినీ, ఎవరన్నా ఎదురుపడితే ఇట్టా మొహం తిప్పుకునేవాడు." ఆగింది. "ఇప్పుడు చూడు, ఆ మూతి బాగుంది."

ఎవరూ నవ్వలేదు.

"పోనీలే బాబూ. నువ్వు మంచికే చేశావు" అంది మళ్ళీ తనే, పిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు.

తిట్టి ఉంటే పాదం తట్టుకునేవాడు. మనసులో తిరిగి ఓ మాట అనుకునైనా ఊరట పడేవాడు. ఆమె ఓదార్చింది. అంతమంది మధ్య అతనికి తల కొట్టేసినట్టయింది. చచ్చిపోయిన కుర్రాణ్ణి ఊరంతా అన్న మాటే తనూ అన్నాడు. వాళ్ళు నోటితో అన్నారు, గాలికి పోయింది. తను రంగుతో అని, వెలవకుండా పైన క్లియర్ కూడా కొట్టాడు.

కోటిలింగం బండి హ్యాండిలు పట్టుకున్నాడు, తీసుకుపోవడానికి.

అప్పుడు ఉస్తాద్ స్టూలు మీంచి లేచాడు. ట్యాంకు అంచున బొటనవేలు ఆనించి చూశాడు.

"ఇంకా ఆరలేదు తల్లీ. రెండ్రోజులు ఉండనియ్యి. ఇప్పుడు తీసుకెళ్తే దుమ్ము పట్టేసిద్ది" అన్నాడు.

ఆ క్లియర్ నిన్ననే ఆరిపోయింది. ఆ సంగతి పాదానికి తెలుసు, చుట్టూ ఉన్న పెయింటర్లందరికీ తెలుసు. పని విషయంలో ఉస్తాద్ అబద్ధమాడగా వాళ్ళెవరూ ఎప్పుడూ వినలేదు. ఒక్కొక్కరే తలొంచుకుని జారుకున్నారు. తన కోసం ముసలాయన అందరి ముందూ అబద్ధమాడాల్సి వచ్చిందని పాదం ఇంకా కుంగిపోయాడు.

భార్యాభర్తలు వెళ్ళిపోయారు. పాదం చాలాసేపు కంప్రెసర్ వెనకాల కూర్చున్నాడు. ఉస్తాద్ పిలవలేదు. మధ్యాహ్నం అన్నానికి కూడా పిలవలేదు. చివరికి తనే లేచి వచ్చాడు.

"మొత్తం రుద్దేసి మళ్ళీ వేస్తాను ఉస్తాద్."

ఉస్తాద్ బొమ్మ వంకే చూస్తున్నాడు. "కళ్ళు బాగా కుదిరినయ్" అన్నాడు. "రుద్దడం దేనికి?"

పాదం నిలబడ్డాడు. అడక్కుండా ఉండలేకపోయాడు.

"అందంగా వెయ్యడం తప్పా ఉస్తాద్? వాళ్ళమ్మకి బాగుంటదనే కదా వేశాను."

ఉస్తాద్ అరలోంచి మాస్కింగ్ టేపు తీశాడు. రంగు పడకూడని చోట అంటించే పసుప్పచ్చ కాగితం టేపు అది. ట్యాంకు మీద నుదుటి దగ్గర మొదలుపెట్టి అంటించుకుంటూ వచ్చాడు. వెలుగు పెట్టిన జుట్టు పోయింది. మెరుపు పెట్టిన కళ్ళు పోయాయి. చెంపలు, గడ్డం, మెడ అన్నీ టేపు కిందికి పోయాయి. చివరికి ట్యాంకు మీద ముఖమన్నదే లేదు.

తర్వాత చిన్న బ్లేడు తీసుకుని, కళ్ళు చికిలించి, పై పెదవి ఎడమ పక్క గోరంత మేర టేపు కోశాడు. ఆ ముక్కని గోటితో లేపి తీసేశాడు. ఆ కంతలోంచి పాదం వేసిన నల్లటి మీసం కొంచెం కనిపించింది.

"మిగతాదంతా నీ పనితనం" అన్నాడు. "ఆమె కొడుకు ఇక్కడున్నాడు."

బ్లేడు బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

పాదం సన్న రకం వాటర్ పేపరు తడిపి, వేలి కొసకి చుట్టుకుని ఆ కంతలో రుద్దాడు. క్లియర్ పోయింది. మీసం పోయింది. కింద తొలిపూతగా కొట్టిన తెల్లటి ప్రైమరు తేలింది. సెల్లులో ఫోటో తెరిచి చూశాడు. మీసం తెగినట్టు తెలుస్తోంది గానీ, ఎంత పెద్దది చేసినా ఆ తెగిన చోట బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. పెదవి ఎంత లాగి ఉంటుందో, కుట్టు ఎంతవరకు పోతుందో, అది ఏ రంగులో ఉంటుందో తనకి తెలియదు. ఊహించి వెయ్యొచ్చు. మొదట చేసిందీ ఊహే.

ఆమెనే అడగాలి. కానీ ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు? మర్నాడు దాకా ముఖం చెల్లక అక్కడక్కడే తిరిగాడు. ట్యాంకు మీద ఆ తెల్ల మచ్చ మాత్రం షెడ్డులో ఏ మూల నిలబడ్డా కనిపిస్తూనే ఉంది. చివరికి చెప్పులు వేసుకున్నాడు.

తిరపతమ్మ మిర్చి గోడౌనులో తొడిమలు తీసే పనికి పోతుంది. గడపలో కాలు పెట్టగానే పాదానికి ఘాటు కొట్టింది. ఒకటే తుమ్ములు. కళ్ళ వెంట ధారలుగా నీళ్ళు. మిరపకాయల కుప్పల మధ్య కూర్చున్న ఆడవాళ్ళు మొఖాలకి గుడ్డలు కట్టుకుని ఇతన్ని చూసి నవ్వారు.

"చేత్తో తుడవమాక బాబూ, ఇంకా మండుద్ది" అంటూ తిరపతమ్మ లేచి వచ్చి, ఇవతల నీళ్ళ కుండ దగ్గరికి తీసుకొచ్చింది. "బండి అయ్యిందా?"

"లేదమ్మా." మొహం కడుక్కున్నాడు. నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. ఒకందుకు అదే మేలనిపించింది. "ఆ మూతి... బ్రహ్మం మూతి ఎట్టా ఉండేదో చెప్తావని వచ్చాను. ముందే అడగాల్సింది నేను."

పాదం తలెత్తలేదు. పొమ్మంటుందనుకున్నాడు. పొమ్మన్నా బాగుండుననుకున్నాడు.

"అది ఎట్టా ఉండేదని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు బాబూ" అందామె. "ఎందుకొచ్చిందని అడిగేవాళ్ళే అందరూ."

చూపించబోయి తన చేతులు చూసుకుంది. వేళ్ళన్నీ మిరప కారం. ఆ చేతుల్తో మూతి ముట్టుకోలేదు.

"నీ వేలు నీ మూతి మీద పెట్టుకో" అంది. "ఎడం పక్క. అంతవతలకి కాదు, ఇంకొంచెం ఇటు. ఆ, అక్కడ. అక్కణ్ణుంచి పైకి పోనియ్యి. తిన్నగా కాదు, కొంచెం ఒంకర. ముక్కు కిందికొచ్చి ఆగుద్ది."

పాదం తన మూతి మీద తన వేలితో ఆ గీత గీసుకున్నాడు. అతనికీ మీసం ఉంది. వేలి కింద అది గరుకుగా తగిలింది.

"చంటప్పుడు పాలు పట్టేదాన్ని గుడ్డ ఒత్తితో. ఆ సందులోంచి కారిపోయేయి" అంటోంది ఆమె. గొంతులో ఏడుపు లేదు. ఊళ్ళో లేని కొడుకు గురించి చెబుతున్నట్టే ఉంది. "పెద్దయ్యాక ఆ గీత సన్నబడింది. కోపమొస్తే ఎర్రగా అయ్యేది. నవ్వితే తెల్లబడేది."

"ఏ రంగు వెయ్యమంటావమ్మా?"

"ఫోటోలో నవ్వతానే ఉన్నాడుగా."

పాదం షెడ్డుకొచ్చి, ఎయిర్ బ్రష్ గిన్నె కడిగి, ప్రైమరు మీద ముందు చర్మం రంగు పలచగా పట్టించాడు. అది ఆరాక పెదవి కొస కొంచెం పైకి లాగాడు. తర్వాత గిన్నెలో తెల్ల రంగు ఓ చుక్క వేశాడు. ముక్కు రాసుకునేంత దగ్గరగా వంగాడు. పులి మీద చారలు మాట్లాడుకుంటూ వేసే చెయ్యి అది. అయినా గీత మొదట్లోనే బొట్టు పడింది, పని నేర్చుకునే రోజుల్లోలాగా. థిన్నరులో తడిపిన గుడ్డతో తుడిచాడు. మళ్ళీ వేశాడు. లావైంది. తుడిచాడు. ఆ కంతలో దాక్కోవడానికి చోటు లేదు. మెరుపు పెట్టి తప్పించుకోవడానికి కళ్ళు లేవు, జుట్టు లేదు.

ఎన్నోసారికో గానీ కుదరలేదు. కొంచెం వంకరగా పైకి పోయి ముక్కు కింద ఆగింది.

మీసం వెంట్రుకలు ఇటొకటి అటొకటి దించాడు. మధ్యలో దారి వదిలాడు. టేపు ఊడదీసి ముఖమంతా ఒక్కసారి చూశాడు. ఇతన్ని తను ఎప్పుడూ చూడలేదు. బుద్ధిగా వెళ్ళి ఉస్తాద్‌ని పిలిచాడు. ఉస్తాద్ చూసి, "క్లియర్ కొట్టు" అన్నాడు.

ఈసారి ఎవరినీ పిలవలేదు.

తిరపతమ్మ వచ్చింది. ట్యాంకు ముందు నిలబడింది. పాదం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె ఏమంటుందా అని చెవులు రిక్కించాడు. సిగ్గు ఇంకా పోలేదు. ఒక్క మాట అంటే పోతుందేమోనని ఆశ.

ఆమె వంగింది. కొంగు కొస వేలికి చుట్టుకుని, నాలిక్కి అద్ది, ఆ గీత ఉన్న చోట మెల్లిగా తుడిచింది.

"తిన్నాక మూతి తుడుచుకోవు కదరా ఎప్పుడూ" అంది.

కోటిలింగం మొహం అటు తిప్పుకుని కిక్కు కొట్టాడు. ఒకసారికి అందుకోలేదు, మళ్ళీ కొట్టాడు. ఆమె వెనకాల ఎక్కి, ముందుకి వంగి భర్త భుజం మీంచి ట్యాంకు వంక చూస్తూనే ఉంది. బండి మలుపు తిరిగింది. షెడ్డు వైపు ఇద్దరూ తల తిప్పలేదు.

పాదం చాలాసేపు రోడ్డు మీదే నిలబడ్డాడు. లోపలికొచ్చేసరికి ఉస్తాద్ ఎయిర్ బ్రష్ విప్పి, లోపలి సూదికి అంటిన రంగు తుడుస్తున్నాడు.

"ఏమీ అనలేదు ఉస్తాద్" అన్నాడు పాదం. "బాగుందని కూడా."

ఉస్తాద్ సూదిని వెలుతురుకి ఎత్తి చూసుకున్నాడు.

"మనం కనపడితే కదా బేటా, అనడానికి."